కాళ్లకింది అట్టలు

“...తొక్కేదానికా అవి? అన్నం పెట్టిన అట్టలప్పా! తియ్, ముందు కాళ్లు తియ్!”

“మరి కాళ్లు యాడ పెట్టుకోమంటావు సావుకారీ, నీ నెత్తినా? నేలకు అందవు గదా!”

ధర్మవరంలో సావుకారి నరసింహప్ప చీరల కొట్టు అది. వెనక గదిలో గంగాధరప్ప కంప్యూటర్ మీద అంచుల డిజైన్లు గీస్తాడు. రెండేళ్ల కింద అతని కోసం నరసింహప్ప కొత్త కుర్చీ కొన్నాడు. కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాడు. చక్రాల మీద లక్ష్మి నిలవదని ఆ రోజే చక్రాలు ఊడదీయించి, చెక్కదిమ్మెలు బిగించాడు. కొత్తది మాసిపోతుందని ప్లాస్టిక్ కవరు మాత్రం తీయనివ్వలేదు.

గంగాధరప్ప పొట్టి మనిషి. దిమ్మెల ఎత్తుకు కాళ్లు వేలాడేవి. మధ్యాహ్నానికి తొడలు చెమటకు కవరుకు అంటుకుని తిమ్మిరెక్కేవి. నడుము బిగుసుకుపోయేది. అందుకే మగ్గం మీద డిజైన్ నేయించే చిల్లుల జకార్డు అట్టల పాత కట్ట ఒకటి తెచ్చి కాళ్లకింద వేసుకున్నాడు. ఒకప్పుడు అతను నేసిన చీరల అట్టలే అవి.

ముప్పై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్నవాడు. అక్కడ కాళ్లు తొక్కేవి, చేతులు లాగేవి. ఆ ఊపులోనే ఏ అంచుకు ఏ పువ్వో తోచేది. ఇక్కడ వేలు తప్ప ఏదీ కదలదు. నిన్న హంసకు మెడ గీయడమే మరిచిపోయాడు. సావుకారి అడిగేదాకా తెలియలేదు.

నరసింహప్ప అతని కాళ్లకింది అట్టలను లాగి, కళ్లకద్దుకుని బీరువా మీద పెట్టాడు.

“నీ కుర్చీ నీకే. సోమారం నుంచి నా మగ్గంలో నేను దిగుతా,” అని గంగాధరప్ప బయటికి నడిచాడు.

ఈ మాట అనే రోజు కోసమే అతను రెండేళ్లుగా ఇంట్లో మగ్గం గుంటను పూడ్చనివ్వలేదు. పైన పలకలు మాత్రం కప్పి ఉంచాడు. ఆ సాయంత్రం భార్య కదిరమ్మ పలకలు తీసి, బూజు దులిపి, మగ్గానికి కర్పూరం వెలిగించింది. అతను దిగి కూర్చున్నాడు. పాదాలు వాటంతటవే తొక్కుడు చెక్కల మీదికి పోయాయి. పది సార్లు తొక్కాడు. ఆ తర్వాత ఎడమకాలు తొక్కుతోందో లేదో వంగి చూసుకోవలసి వచ్చింది.

“పైకి రా, కాఫీ సల్లారుతాంది.”

గుంట అంచున రెండు చేతులూ ఆనించాడు. లేవలేకపోయాడు. మళ్లీ ఆనించాడు. కదిరమ్మ చంకల కింద చేతులు వేసి లాగింది.

“ఏమప్పా, బాయిలో బిందె తోడినట్ల తోడాల్నా నిన్ను?” అని నవ్వింది.

అతను గోడకు ఆనుకుని కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టాడు.

“రేపు మట్టి తోలిపిస్తా. గుంట పూడ్చేద్దాం. సోమారం కొట్టుకే పోతా.”