అమావాస్య నాడు మార్చిన తాళం

మీరెప్పుడో చేసిన తెలివితక్కువ పని గుర్తొచ్చి సిగ్గుపడుతున్నారా? అయితే ఇది చదవండి. ఆళ్లగడ్డ రైతుల మొక్కజొన్నలను ఒక్క క్లిక్కుతో వాన పాలు చేయబోయిన మహానుభావుణ్ణి నేను. చదివాక మీ మీద మీకు గౌరవం పెరుగుతుంది.

నంద్యాలలో మా పెదనాయనది ధాన్యం వ్యాపారం. ఆళ్లగడ్డలో గోదామునూ, ట్రాక్టర్లు తూచే కాటానూ మా మేనత్త రంగమ్మ చూసుకుంటుంది. కాటా దగ్గరి కంప్యూటర్ నంద్యాల కొట్టులోని సర్వర్‌తో మాట్లాడితేనే తూకం చీటీ వస్తుంది. అలా మాట్లాడుకునే ముందు రెండూ ఏ రహస్య తాళం వాడాలో ఒప్పుకుంటాయి. మా సర్వర్ పాతకాలపు తాళాలకు కూడా తలూపేది. అవి ఇప్పటి దొంగలకు ఒక లెక్క కాదని కొత్తగా నేర్చుకొచ్చిన నేను, వాటిని పీకెయ్యాలని ఉబలాటపడ్డాను. పని మంచిదే. చేసినవాడితోనే చిక్కు.

పాత తాళం ఇంకా ఎవరు వాడుతున్నారో ముందు చూసుకోవాలి. అంత ఓపిక నాకెక్కడిది? అమావాస్యను ఎంచుకున్నాను. మా వీధిలో ఆ రోజు కొట్టుకు పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, తాళం వేసుకుని పోతారు. బేరాలుండవు. ఇంట్లో కూర్చుని దర్జాగా క్లిక్ చేశాను. మరుక్షణం సర్వర్ నా పాత లాప్‌టాప్‌ను కూడా బయటికి నెట్టేసింది! కొట్టుకెళ్లి సర్వర్ దగ్గరే సరిచేద్దామంటే, కొట్టు తాళాలేమో పెదనాయన దగ్గర. పెదనాయన మహానందిలో. ఫోను ఆపేసి ఉంది.

అంతలో అత్త ఫోన్.

"అల్లుడా, చీటీ రాలేదు. ఏం చేసినావ్?"

"భద్రత పెంచినా అత్తా. అమావాస్య కదా, ఎవరొస్తార్లే అని..."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! అమావాస్య నాడు రైతు సేద్యం చేస్తాడా? సేన్లో పని లేదని గింజలేసుకోని అందురూ ఈడికే వస్తారు. దొర్నిపాడు నుంచి ట్రాక్టర్లు బారులు తీరినాయి. మబ్బు కమ్ముతాండాది. బేగా సరిచెయ్!"

"కుదరదత్తా. నీ కంప్యూటర్ లాగే నాదీ పాతదే, సర్వర్ నన్ను కూడా బయటికి తోసేసింది."

"వాన పడితే వాళ్ల కష్టమంతా మొలకలెత్తిపోతాది రా!" అని ఫోన్ పెట్టేసింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఐటీవాడు తిథి చూసినా దాని మర్మం ఎరగడని ఆ రోజు రుజువు చేశాను. బండి తీసి ఆళ్లగడ్డకు బయలుదేరాను. పోయి ఏం చేస్తానో నాకే తెలియదు. దారిలోనే వాన అందుకుంది. గింజలన్నీ పోయాయి, ఇక ఊళ్లో తలెత్తుకోలేను అనుకుంటూ గోదాము ముందు దిగాను.

వాకిట్లో ఒక్క నిండు ట్రాక్టరు లేదు. గింజంతా గోదాములో పొడిగా ఉంది. ఒక పెద్దాయన బీడీ ముట్టించుకుంటూ కనిపించాడు.

"చీటీ లేకుండా ఎట్ల దించారన్నా?"

"మేం దించమనే మొండికేస్తిమి. మీ అత్త వచ్చి కాటా అంకె పక్కన నిలబడె. 'అంకెను, నన్ను కలిపి ఫోటో తీసుకోండప్పా. రేపు తేడా వస్తే ఈ మొహాన్నే అడగండి' అనె. ఆమె అంత మాటంటే ఇంక చీటీ యాలప్పా?"

ప్రతి బండికీ ఎండిపోయిన గొంతుతో, చెదిరిన కొప్పుతో నిలబడిందట. రెండు యంత్రాల మధ్య నమ్మకం కుదర్చడానికి నేను నానా తంటాలు పడితే, మా అత్త తన మొహం చూపించి ఊరంతటికీ కుదిర్చింది. ఆమెను చూస్తే అంత సిగ్గులోనూ ఛాతీ ఉప్పొంగింది.

"ఆ పాడు పని మళ్లా చేస్తావా?" అంది, తుండుగుడ్డ నా మీదికి విసిరి.

"చెయ్యాల్సిందే అత్తా. పాత తాళం నిజంగానే ప్రమాదం."

"అయితే చెయ్. ఈడికి కొత్త కంప్యూటర్ తెప్పిస్తా. కానీ మూసేముందు నాకొక మాట చెప్పు."

మర్నాడు కొట్టు తెరిచాక పాత తాళానికి మళ్లీ దారిచ్చాను; అత్తకు కొత్త కంప్యూటర్ వచ్చాక, చెప్పే దాన్ని మూశాను. ఈసారి చీటీలు ఆగలేదు. అయినా తుండుగుడ్డ సాక్షిగా ప్రమాణం చేశాను: అవతల ఎవరున్నారో అడగకుండా ఏ తలుపూ మూయను, అమావాస్య నాడు మౌసు కూడా ముట్టను. నెలకో రోజు కంప్యూటర్‌కు దూరంగా కూర్చునే నన్ను చూసి, పిల్లవాడికి భక్తి కుదిరిందని మా పెదనాయన ఊరంతా చెప్పుకుంటున్నాడు. అత్తకు మాత్రం అసలు సంగతి తెలుసు, కానీ నోరు విప్పదు.