మంగళవారం మూడో గంట

రామచంద్రం సార్ టైంటేబుల్‌ను ముందుగా కాగితం మీద వేసేవారు కాదు, పలక మీద వేసేవారు. ప్లైవుడ్ పలక, దాని నిండా వరసలుగా కొట్టిన చిన్న మేకులు, ఒక్కో మేకుకు తగిలించే రేకు బిళ్ల. పాత నూనె డబ్బాల రేకును తానే కత్తిరించి, చెయ్యి గీసుకోకుండా అంచులు ఆకురాయితో రుద్ది, ఒక్కో లెక్చరర్‌కు ఒక్కో రంగు పూశారు. ఒకే నిలువు వరసలో ఒక రంగు రెండుసార్లు కనిపిస్తే ఒకే మనిషిని ఒకే వేళకు రెండు గదుల్లో పెట్టినట్టు. ఆ తప్పు గది గుమ్మంలోంచే తెలిసిపోతుంది.

ఒక ఏడు కాలేజీవాళ్లు ఈ పని కంప్యూటర్‌కు అప్పజెప్పారు. అది ఉర్దూ సార్‌కు సరిగ్గా శుక్రవారం నమాజు వేళకే క్లాసు పెట్టింది. రెండు గంటల కెమిస్ట్రీ ల్యాబు నడుమ తెలుగు పాఠం దూర్చింది. మరుసటి వారమే పలక మళ్లీ గోడకెక్కింది.

మంచిర్యాల వైపు, గోదావరికి దగ్గరగా ఉన్న చిన్న పట్నంలో ఆ డిగ్రీ కాలేజీ. సార్ అక్కడ లెక్కలు చెప్పేవారు. పుట్టి పెరిగింది సిరిసిల్లలో. తండ్రి మరమగ్గాల మీద పనిచేసేవాడు, ఆ ఊళ్లో వాటిని సాంచాలంటారు. పేక పోగు తెగినా ఎవరూ చూసుకోక సాంచా నడుస్తూ పోతే, అక్కడ గుడ్డలో సన్నటి ఖాళీ పడుతుంది. సాంచాల సేటు గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి చూసేవాడు. ఖాళీ కనిపిస్తే ఒక్క మాట అనకుండా పక్కకు విసిరేసేవాడు. పక్కన నిలబడిన కొడుకు ముందు తండ్రి తల దించుకునేవాడు. ఖాళీ అంటే పని చేతగానితనం అని రామచంద్రం సార్‌కు అప్పుడే మనసులో పడిపోయింది.

అందుకే ఆయన వేసిన టైంటేబుల్‌లో, ముఖ్యంగా మొదటి సంవత్సరం వరసలో, ఉత్త మేకు ఉండేది కాదు. దానికి ఆయన చెప్పే కారణం వేరు. కొత్తగా చేరిన పిల్లలు లక్సెట్టిపేట వైపు ఊళ్ల నుంచి బస్సుల్లో వస్తారు. నడుమ ఒక గంట దొరికితే బస్టాండుకు పోతారు, పోయినవాళ్లు మళ్లీ రారు. ఆ మాట అబద్ధం కాదు. కాబట్టి ఏ సబ్జెక్టుకు వారానికి ఎన్ని గంటలు చెప్పాలని యూనివర్సిటీ రాసిందో అన్నీ పొద్దున్నుంచి ఒక్క ఊపున నింపి, మధ్యాహ్నం బస్సు వేళకు వదిలిపెట్టేవారు. పిల్లలకూ అదే బాగుండేది. కాలేజీకి ఎవరొచ్చినా ప్రిన్సిపాల్ లక్ష్మీకాంతరావు గారు ముందు ఆ పలకే చూపించేవారు.

ఎవరికైనా ఒక గంట సడలించడం సార్‌కు గిట్టేది కాదు. కామర్స్ చెప్పే కరుణాకర్ ప్రతి మంగళవారం కొండగట్టు పోయి వచ్చేవాడు. మొదటి గంట తీసేయమని అడిగితే, "కొండగట్టు అంజన్న నీకు అటెండెన్సు ఏస్తడానయా?" అన్నారట. స్టాఫ్‌రూమంతా నవ్వింది. గంట మాత్రం కదలలేదు.

నేను చెప్పబోయే ఏడు, మొదటి సెమిస్టర్‌కు ఫిజిక్స్ చెప్పేవాళ్లు దొరకలేదు. మిగతా ఫిజిక్స్ గంటలు వేరేవాళ్లతో ఎలాగో సర్దినా, మొదటి సంవత్సరం సైన్సు పిల్లలకు మంగళవారం మూడో గంట ఖాళీగా మిగిలిపోయింది. పలక ముందు నిలబడినప్పుడల్లా సార్ చూపు అక్కడికే పోయేది.

ఆ ఏడే మనోరమ మేడం కెమిస్ట్రీ చెప్పడానికి కాంట్రాక్టు మీద వచ్చింది. కరీంనగర్ ఆమె. ఆ ఖాళీ గంటలో ల్యాబు వరండాలో కూర్చుని రికార్డులు దిద్దుకునేది. మమతారాణి అనే అమ్మాయి ఒకరోజు ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. బీడీలు చేసే తల్లి బిడ్డ. ఇంటర్ దాకా తెలుగులో చదివింది. డిగ్రీలో అంతా ఇంగ్లీషే. క్లాసులో ఒక్కసారి లేచి అడిగితే వెనక బెంచీలవాళ్లు నవ్వారు, మళ్లీ నోరు తెరవలేదు. వరండాలో మేడం ఆమెకు తెలుగులో విడమరిచి చెప్పింది. తర్వాతి వారం మమతారాణి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్క కెమిస్ట్రీయే కాదు, ఆ వారం తెలియనిదంతా మూటగట్టుకుని వచ్చేవాళ్లు. రామచంద్రం సార్ అటుగా పోతూ చూశారు. ముచ్చట్లు పెట్టుకుంటున్నారనుకున్నారు.

ఆ సెమిస్టర్ మమతారాణి అన్నీ పాసయింది.

రెండో సెమిస్టర్‌కు ఫిజిక్స్ లెక్చరర్ దొరికాడు. సార్ ఆరోజే కొత్త బిళ్ల కోసి, రంగు వేసి, ఎండబెట్టారు. మేకుకు తగిలించబోతుంటే మనోరమ మేడం వచ్చింది.

"సార్, మంగళారం మూడో గంట జర ఖాళీగనే ఉండనియ్యుండ్రి."

"ఎందుకు మేడం?"

"పిల్లలు అడగనీకె వస్తరు సార్. క్లాసుల అడుగుతలేరు."

"అడిగేటిది క్లాసులనే అడగాలె. లేకుంటె క్లాసు దేనికి?" అంటూ సార్ బిళ్ల తగిలించారు.

క్లాసులయ్యాక పెట్టుకుందామంటే బస్సు ఆగదు. నడుమ తిండి గంట కూడా లేదు, అది కూడా సార్ పొదుపే. మేడం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. టైంటేబుల్ సంగతి రామచంద్రం సార్ ఇష్టమని ఆయన చేతులు దులుపుకున్నారు.

ఆ సెమిస్టర్ హాజరు నిండుగా వచ్చింది. సార్ సంతోషపడ్డారు. మమతారాణి ఒక్క రోజూ మానలేదు. పరీక్షల్లో మాత్రం తెలుగు తప్ప అన్నీ పోయాయి.

సెలవుల తర్వాత ఆమె సర్టిఫికెట్లు తీసుకుపోవడానికి సంతకాల కోసం తిరుగుతూ సార్ దగ్గరికి వచ్చింది. ఆయన కొత్త ఏడాదికి పలక మీద బిళ్లలు మారుస్తున్నారు. ఎందుకు మానేస్తున్నావని అడిగారు. ఇంట్లో పని ఉందని చెప్పింది. మంచిది బిడ్డా అని సంతకం పెట్టి, మళ్లీ పలక వైపు తిరిగారు.

సాయంత్రం మనోరమ మేడం వచ్చింది. కాంట్రాక్టు అయిపోయి కరీంనగర్ వెళ్లిపోతూ చెప్పిపోదామని వచ్చిందట.

"మమతారాణి ఒక్క క్లాసు తప్పలే సార్. ఒక్కటి గూడ అర్థం గాలే."

"మరి అడగాలె గద."

"గా గంటలనే అడిగేది."

ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. ఇంకో మాట అని ఉంటే సార్ కూడా బదులు చెప్పి, దులిపేసుకునేవారేమో.

ఆ కొత్త ఏడు టైంటేబుల్‌లో మంగళవారం మూడో గంటను సైన్సు పిల్లలందరికీ ఆయనే ఖాళీగా వదిలారు. ప్రిన్సిపాల్ అడిగితే, ఉండనీయండి అన్నారు. ఆ గంటలో పోయి వరండాలో కూర్చున్నారు. పిల్లలు ఆయనకు దండం పెట్టి బస్టాండుకు పోయారు. పాఠం నడుమ ఎవరైనా ఆపి అడిగితే ఆయన మొహం ఎలా మారుతుందో వాళ్లు అప్పటికే చూశారు. పని పద్ధతి ఎంత బాగున్నా, ఆ గంటను నిలబెట్టింది పద్ధతి కాదని, మనిషని ఆయనకు కూర్చున్నాక తెలిసింది.

ఇంట్లో ఆయన అన్నం సరిగా తినకపోవడం చూసి భార్య బాలలక్ష్మి కారణం రాబట్టింది. ఈడ కూసుండి పరేషాన్ అయితే ఏమొస్తది, పోయి గా పిల్లతోని మాట్లాడిరా అంది.

మమతారాణి లక్సెట్టిపేటలో ఒక మ్యాచింగ్ సెంటర్లో పనికి కుదిరిందని తెలిసింది. చీరలకు కలిసే జాకెట్ బట్టలు, ఫాల్సు, లైనింగు అమ్మే చిన్న దుకాణం. సార్‌ను చూసి లేచి స్టూలు వేసింది. ఏమని మొదలుపెట్టాలో తోచక ఆయన నీలం రంగు జాకెట్ బట్ట చూపించమన్నారు. ఆమె నాలుగైదు రకాలు పరిచింది.

అప్పుడు చెప్పారు. ఆఫీసులో కనుక్కున్నానని, ఈ ఏడే రెండో సంవత్సరంలో చేరవచ్చని, పోయిన పరీక్షలు మళ్లీ రాసుకోవచ్చని, ఆ మంగళవారం గంట ఇప్పుడు ఖాళీగానే ఉందని, తాను ఉన్నన్నాళ్లు ఎవరినీ నింపనివ్వనని.

ఆమె పరిచిన బట్టల్లో ఒకటి మడత పెట్టింది.

"మేడం ఉన్నరా సార్?"

"లేరు బిడ్డా. కరీంనగర్ పోయిండ్రు."

"మరి గా గంటల ఎవలుంటున్నరు?"

"నేనుంటున్న."

ఆమె ఇంకో బట్ట మడత పెట్టింది. తర్వాత తల దించుకుని, నొప్పించకూడదన్నట్టు మెల్లగా అంది: "మిమ్ముల అడగాలంటె నాకు భయం సార్."

ఇంతలో చీర పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు లోపలికి వచ్చారు. మమతారాణి వాళ్లను కూర్చోమని చెప్పి, నీలం బట్ట చుట్ట విప్పింది.

"మీటరు సాలునా సార్?"

"సాలు బిడ్డా," అన్నారాయన.