ఆమె అడగబోయిన దారి

మా ఇంటిముందు ఒక పాత వ్యాను ఉండేది. వెనుక సీట్లు తీయించి రెండు బల్లమంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, టాపు మీద నీళ్ల ట్యాంకు పెట్టించాను. నాందేడ్‌లో అలాంటి బండి ఇంకొకటి లేదని నాకు గర్వం. సెలవు దొరికితే నేనూ నా భార్యా అందులోనే వండుకుని, అందులోనే పడుకుని ఊళ్లు తిరిగేవాళ్లం.

దారి కనుక్కునే పని ఆమెది. కూడలి రాగానే అద్దం దించేది. తలపాగా తీరు, చీరకట్టు చూసి తెలుగో మరాఠీయో దక్కనీ హిందీయో ఎంచుకుని మాట కలిపేది. దారితో పాటు వానల సంగతి, పత్తి ధర, పిల్లల పెళ్లిళ్లు కూడా తెలుసుకునేది. నేను విసుక్కునేవాణ్ని. ఆలస్యమవుతుందని కాదు. జనం ఆమెతో అంత చనువుగా మాట్లాడి నా వైపు చూడకపోవడం నాకు గిట్టేది కాదు.

ఫోన్లలో మ్యాపులు ఇంకా రాని రోజులవి. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో దారి చెప్పే జీపీఎస్ పెట్టెలు చూశాను. నా బండి సంగతి విని దుకాణదారు అన్నాడు: "రోడ్డు ఉందా లేదా అన్నదే దీనికి ఎరుక సార్. మీ బండి ఎత్తు దీనికి తెల్వది. పల్లెల్ల జర అడుక్కుంట పోవాలె."

అడిగే పని తప్పుతుందనే కదా కొంటున్నాను. అన్నిటికంటే పెద్ద తెర ఉన్నది ఎంచుకున్నాను. వ్యాను అద్దానికి అతికించి, దగ్గరి దారే చూపేలా పెట్టాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె తమ్ముడి పెళ్లి. హిమాయత్‌నగర్ దగ్గరి పల్లెలో, పెళ్లికూతురి ఇంట్లో. మరాఠీ పెళ్లిళ్లు చూసి చూసి మా ఇళ్లలోకీ వచ్చిన పద్ధతి ఒకటుంది. ముహూర్తం వేళ వరుడి అక్క దీపం పట్టుకుని అతని వెనుక నిలబడాలి. చుట్టాలందరూ ముందురోజే వెళ్లారు. మనం మన వ్యానులోనే పోదామని ఆమెను నేనే ఆపాను. చింతపండుతో తోమిన ఇత్తడి దీపాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

భోకర్ దాటాక పెట్టె ఎడమకు తిరగమంది. కంకర దారి. పత్తి చేను గట్టున ఒక ముసలాయన మేకలు కాస్తున్నాడు.

"జర ఆపుండ్రి, ఆ కాకను అడుగుత. బస్సులు ఇటు పోతున్నట్టు లేదు."

"దీనికి తెలుసు. నువ్వు ఊకో."

ముసలాయన చెయ్యెత్తి ఏదో అనబోయాడు. హారన్ కొట్టి ముందుకు పోనిచ్చాను.

కొంచెం దూరంలో రైలు కట్ట, దాని కింద పొట్టి వంతెన. దూరిపోతుందనుకున్నాను. ట్యాంకు పగిలి నీళ్లన్నీ అద్దం మీదుగా కారాయి. బండి ఇరుక్కుంది. పెట్టె మాత్రం తిన్నగా పొమ్మంటూనే ఉంది.

ముసలాయన మేకలతో సహా వచ్చాడు. "ఎద్దుల బండ్లే ఇట్ల పోతయి పటేలా. చెప్తమంటే ఆగకపోతివి."

టైర్ల గాలి తీసి, చేలలోని మనుషులను పిలిచి, వెనక్కి తోయించుకుని బయటపడేసరికి పొద్దెక్కింది.

మేం చేరేసరికి అక్షింతలు పడిపోయాయి. వరుడి వెనుక వాళ్ల చిన్నాన్న కూతురు ఎవరిదో దీపం పట్టుకుని నిలబడి ఉంది.

"గింత సేపాయె ఏందయ్యా?" అంది మా అత్తమ్మ, అందరి ముందూ.

"ఏం జెయ్యాలె అత్తమ్మా, మీ బిడ్డ సింగారం తెమిలితే గదా."

అందరూ నవ్వారు. మా బావమరిది కూడా నవ్వాడు. ఆమె నన్నొకసారి చూసి, తాను తెచ్చిన దీపాన్ని గోడ వారగా పెట్టి వడ్డనకు వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో వెనుక మంచం మీద కూర్చుంది. ముందుకు రమ్మన్నాను.

"దారి ఎవరన్న తప్పుతరు," అంది. "నా మీద ఎందుకు పెడితిరి?"

నేను గేరు మార్చి బండి పోనిచ్చాను.

ఆమెకు మరో తమ్ముడు లేడు. పుట్టింటివాళ్లు చాలా ఏళ్లు సింగారాల అక్క అని ఆమెను ఆటపట్టించారు. వాళ్ల మధ్య కూర్చుని నేనూ నవ్వాను. అత్తమ్మ పోయేదాకా నిజం చెప్పలేదు. పోయాక చెప్పడానికి ధైర్యం అవసరం లేకపోయింది, అందుకే చెప్పాను.

వ్యాను అమ్మేశాం. ఇప్పుడు చిన్న కారు. కూడలి దగ్గర అద్దం దించి నేనే అడుగుతాను. ఆమె అటువైపు చూస్తూ కూర్చుంటుంది. నన్ను చూసి జనం దారి మాత్రమే చెబుతారు.