ఉగాదికి అందని చెప్పులు

1996 జూన్ 3, సోమవారం నాడు మేడ్చల్ దగ్గరి ఒక కుష్ఠు ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఇల్లు అల్వాల్‌లో ఉండేది. ఉదయం ఎనిమిదింటికి పాదాల విభాగం తెరవడం నా బాధ్యత.

ఈ జబ్బులో క్రిమి మందులకు చస్తుంది కాని, చచ్చిన నరం తిరిగి రాదు. అరికాలికి స్పర్శ పోయినవాళ్లకు ముల్లు దిగినా తెలియదు. తెలియని పుండు ఎముక దాకా పోతుంది. అందుకే ప్రతి రోగికీ రోజూ చేయవలసిన పని ఒకటి నేర్పేవాళ్లం. పాదాలు ఇరవై నిమిషాలు నీళ్లలో నానబెట్టాలి, తడి ఆరకముందే నూనె రాయాలి, అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి. ఆ తరువాత మా వర్క్‌షాపులో మేకు వాడకుండా జిగురుతో అతికించిన మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోవాలి. వాటి పట్టీలు నల్లవి. అందరికీ ఒకే రకం.

1997 ఫిబ్రవరి చివర లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మా పాత రోగి బాలమణి కాలి పుండుతో వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల రైతు మనిషి. మాత్రల కోర్సు పూర్తయింది. ఇంట్లో మాత్రం చక్కెర జబ్బని చెప్పుకుంది. ఆమె కుడి అరికాల్లోంచి తుమ్మముల్లు తీశాను. ఎన్నాళ్లుగా ఉందని అడిగాను.

"నాకేం ఎర్క మేడమ్? అది నాకు జెప్పి దిగిందా?" అంది.

మేమిచ్చిన చెప్పుల అడుగు భాగం కొత్తగానే ఉంది. కారణం అడిగితే దాచలేదు.

"మోదుగు పూసిన కాడికెల్లి ఉగాది దాక రోజు పొద్దుగాల చెల్కకు పోత. గట్టు మీద చెప్పులిడిసి, కుడికాలు మట్టిల వెట్టి నిలవడ్త. తల్లీ, నిరుడు తిండి వెట్టినవ్, సల్లగుండు అంట. మా అత్త నేర్పింది. చెప్పులేస్కోని అమ్మనెట్ల దొక్కుత?"

మానెయ్యమంటే నా ముందు తలూపి అక్కడ మళ్లీ చేస్తుందని నాకు తెలుసు. స్పర్శ పరీక్షకు వాడే నైలాన్ పోగు తీసి, కళ్లు మూసుకోమని, పాదం నుంచి చేతి దాకా వరుసగా ఆనించాను. పాదాలు పలకలేదు. చేతి వేళ్లు సగం పలికాయి. మోచేతి కింది భాగం మాత్రం ప్రతి స్పర్శకూ "ఆ" అంది. చెప్పులు విప్పకుండా గట్టు మీద కూర్చుని, ఆ చేతిని మట్టికి ఆనించి దండం పెట్టుకోమన్నాను.

"మోచెయ్యితోని మొక్కితె భూమితల్లి నవ్వదా?"

నవ్వనీ, నువ్వు మాత్రం ముల్లు తొక్కకు అన్నాను.

వారం తరువాత డ్రెస్సింగ్‌కు వచ్చినప్పుడు తనంతట తానే చెప్పింది. "సల్లగుంటది మేడమ్. మట్టి సల్లగుంటదని మర్శిపోయిన. కాలికి తెల్వక మస్తు ఏండ్లాయె." గట్టు మీదకే బేసిన్ తీసుకెళ్లి పాదాలు నానబెట్టుకుంటోందట. నూనె రాశాక వాటికీ దండం పెడుతోందట. "నన్ను మోసినయి గదా" అంది. పుండు మూడు వారాల్లో మూసుకుంది. నా ఉద్యోగంలో అంత త్వరగా మూసుకున్నవి తక్కువ.

ఉగాది ఏప్రిల్ 8న వచ్చింది. ఆ రోజు వాళ్లింట ఎడ్లను కట్టి మొదటి సాలు దున్నుతారు. ఇంటిల్లిపాదీ నాగలి వెనక నడవాలి. బాలమణి మార్చిలోనే ఆ సంగతి ఎత్తింది. చక్కెర ఉన్న మనిషి బజారు చెప్పులు వేసుకుంటే అత్త ఏమీ అనదట. కాని మేకులున్న బజారు చెప్పులు ఆ పాదానికి పనికిరావు. పొద్దున్నే ఒంటరిగా పొలానికి పోయేటప్పుడు సరే, నలుగురిలో ఇబ్బందల్లా మా నల్ల పట్టీలతోనే.

"గియ్యి చెప్పులు గావు మేడమ్, దండోరా. జూసినోడు జూసినట్లు పెద్దరోగమని ఎరుకవడ్తడు."

ఆమె అడిగింది న్యాయమైనదే. అడుగు రబ్బరు అదే ఉంచి, పైన మెరూన్ రెక్సిన్ పట్టీ వేయవచ్చని వర్క్‌షాపు మేస్త్రీ అన్నాడు. స్టోరులో రెక్సిన్ లేదు. మార్చి 12న ఇండెంటు, అంటే సరుకు కావాలన్న అర్జీ, పెట్టాను. లెక్కల సంవత్సరం ముగుస్తున్నందున కొనుగోళ్లు ఆపేశారు. నా డబ్బుతో సికింద్రాబాద్‌లో కొనుక్కొస్తానన్నాను. బయటి సరుకు వర్క్‌షాపులోకి రాకూడదన్నారు. పరిపాలనాధికారి మర్యాదస్తుడే. "పది రోజుల్లో ఏం మునిగిపోతుందమ్మా? ఏప్రిల్లో మొదటి ఇండెంటు మీదే" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. రెక్సిన్ ఏప్రిల్ 17న వచ్చింది. చెప్పులు 22కు తయారయ్యాయి.

ఉగాదికి నాలుగు రోజుల ముందు ఆమెకు సంగతి చెప్పి, ఆ పూట జ్వరమని ఇంట్లోనే ఉండిపొమ్మన్నాను. "పండుగ నాడు పెద్ద కోడలు పండుకుంటదా? మీ ఆంధ్రల పండుకుంటరా?" అని నవ్వి వెళ్లింది.

చెప్పులు సిద్ధమని కబురు పంపితే ఇంట్లో ఆరా తీస్తారు. ఆమె వచ్చేదాకా చూడడం తప్ప దారి లేకపోయింది. జూన్ 9న వచ్చింది. ఉగాది నాడు ఒట్టి కాళ్లతో నడిస్తే సాలులోని జొన్న కొయ్యకాళ్లు కుడిపాదంలోకి దిగాయట. పచ్చడి పంచుతుంటే గచ్చు మీద నెత్తురు చూసి తోడికోడలు అరిచిందట. ముల్లని చెప్పి గుడ్డ కట్టుకుందట. అందరి కళ్లూ ఆ కాలి మీదే ఉండటంతో నానబెట్టడం, అద్దం చూడటం రెండూ మానేసింది. ఎక్స్‌రేలో మడమ ఎముకను పుండు తినేసినట్టు కనిపించింది. ఆగస్టులో ఆ కాలు మోకాలి కింద తీసేశారు.

కట్టు విప్పిన రోజు ఆమే ముందు మాట్లాడింది. "ఇగ ఒక్కటే గదా మేడమ్, కడుగుడు జల్దీ అయితది." కిటికీలోంచి ఆసుపత్రి పెరటి వైపు చూసి, అక్కడి మట్టి ఎర్రదా నల్లదా అని అడిగింది.

మెరూన్ జతలో ఎడమది ఆమెకు ఇచ్చి సంతకం తీసుకున్నాను. కుడిది స్టాకులో తిరిగి చూపించాను.

ఆ ఏడాది నుంచి 2004లో పదవీ విరమణ దాకా చెప్పుల సరుకు ఇండెంటు నవంబరులోనే పెట్టాను, మోదుగు పూయకముందే. రంగు పట్టీలు అడిగి మరీ పెట్టాను. ఎవరూ కాదనలేదు. ఆసుపత్రికి కొత్త సంవత్సరం ఏప్రిల్ ఒకటిన మొదలవుతుంది. రోగికి తన పండుగతో మొదలవుతుంది. పాదాన్ని కాపాడాలంటే ఆ పండుగ తేదీని బట్టి పని చేయాలి.