నిమ్మగడ్డిలో కొత్తిమీర

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఆ ధైర్యం ఇప్పుడు ఎక్కడికి పోయిందో వెతికినా దొరకదు. తెలంగాణ వచ్చిన కొత్త. వ్యవసాయ కోర్సు చదువుతున్న నేను, దేవరకొండ దగ్గరి మా చెల్కలో పత్తి మాన్పించి నిమ్మగడ్డి పెట్టించాను. బాపు ఒకటే షరతు పెట్టాడు: "నూనె మంచిగొస్తే ఉంచుదాం బిడ్డా. లేకుంటే దున్నేసి మళ్ల పత్తే." అందుకే దుబ్బుకూ దుబ్బుకూ మధ్య రెండడుగుల ఎడం ఉండాల్సిందేనని పట్టుబట్టాను. దగ్గరగా నాటితే మొదటి కోతకు గడ్డి దండిగానే వస్తుంది గానీ, తర్వాత దుబ్బులు ఒకదాన్నొకటి నొక్కుకుని అడుగు ఆకులు ఎండిపోతాయని, నూనె తగ్గుతుందని ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పాను (ఎవరూ అడగలేదు). బాపు వాళ్లమ్మ, మా అవ్వ, అంతా విని, "గింత జాగా ఉత్తగ పెడ్తరా? భూతల్లి ఉసురు తగుల్తది," అంది. జొన్నచేలో సాళ్ల సందున కంది, పెసర, అనుము చల్లనిదే నిద్రపట్టని మనిషి ఆమె.

నాట్లు కాగానే నేను క్లాసులకు, పరీక్షలకు పట్నం పోయాను. తిరిగొచ్చేసరికి కోత అయిపోయి, పక్క ఊరిలో నూనె తీసే బట్టీలో గడ్డి ఉడుకుతోంది. నిమ్మ వాసన వస్తోంది, దాని వెనకాలే బాగా తెలిసిన ఇంకేదో వాసన. నూనె కొనడానికి వచ్చినాయన ఒక చుక్క అరచేతికి రాసుకుని వాసన చూశాడు, మళ్లీ చూశాడు. "గిది సబ్బులకు పోదమ్మా. చారులకైతే మస్తు పనికొస్తది," అన్నాడు. బాపు ముఖం చూడాలంటే భయమేసింది. మా చెల్క నిండా మళ్లీ పత్తే కనిపించింది నాకు.

అవ్వ మెల్లగా, "కొత్తిమీరనే గద. సందులల్ల చల్లిన. కోతోళ్లు గడ్డితోటే కోసిన్రు," అంది. నాకు ఏడుపొచ్చింది. బాపు చాలాసేపు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ నిలబడ్డాడు (నవ్వు దాచుకుంటున్నాడని తర్వాత తెలిసింది). చివరికి, "గడ్డిది తప్పేం లేదు, ఇంకో కోత సూద్దాం. అవ్వా, నువ్వు మాత్రం గట్టు మీదనే ఉండు," అన్నాడు.

రెండో కోత నూనె బాగా వచ్చింది, తోట నిలిచింది. అవ్వ గట్టు మీదే కొత్తిమీర వేసుకుని, ఆ ఖాళీల వంక ఎవరో అన్నం వదిలేసిన కంచాన్ని చూసినట్టు చూసేది.

ఇప్పుడు అవ్వ లేదు. ఈ ఏడాది కొత్త దుబ్బులు నాటించి ఎడం చూసుకుంటూ నడుస్తున్నాను. అంతా నేను చెప్పినట్టే ఉంది, అయినా మనసొప్పలేదు. ఒక్క సాలు, ఒకే ఒక్క సాలు ధనియాలు చల్లితే ఏమవుతుందని నిలబడి ఆలోచిస్తుంటే, వెనక నుంచి బాపు పిలిచాడు.

"బిడ్డా, జర గట్టు మీదికి రా."