తలనొప్పి రాని ఆదివారాలు

మా ఆయన తాగేవాడని మా చర్చి సంఘంలో ఎవరికీ తెలియదు. తెలియకుండా చూసింది నేనే.

నాకు చదువు సంతకం వరకే వచ్చు. కానీ తాగిన మనిషిని మర్నాడు తలనొప్పి లేకుండా ఎలా నిద్రలేపాలో ఫెరార్‌గంజ్ మొత్తంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఇప్పుడు గొప్పకి చెప్పడం లేదు. ఒకప్పుడు గొప్పగానే అనుకునేదాన్ని.

ఆయనది పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో పని. ఓడల మీంచి సరుకు దించే క్రేను నడిపేవాడు. వారమంతా చుక్క ముట్టేవాడు కాదు. శనివారం సాయంత్రం సిప్పీఘాట్ నుంచి మా తమ్ముడు బస్సు దిగేవాడు. ఇద్దరూ వెనక వరండాలో కూర్చునేవారు. తెల్లారితే ఆదివారం. మా ఆయన సంఘపెద్ద. నెలకో ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. పాస్టరుగారు ప్రార్థన చేసి అందిస్తే, ద్రాక్షరసం పోసిన చిన్నచిన్న గ్లాసుల పళ్ళెం పట్టుకుని వరసవరసకీ తిరగాల్సింది ఆయనే. చెయ్యి వణికితే గ్లాసులు గలగలమంటాయి. ఒక ఆదివారం అన్నాయి కూడా. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నాకు చదవడం రాని పాటల పుస్తకంలోకి తల దూర్చేశాను.

ఇంటికొచ్చాక ఆయనతో పోట్లాడాను.

"తాగుడైనా మానెయ్యి, పళ్ళెమైనా మానెయ్యి. రెండూ కుదరవు."

"ఎందుకు కుదరవే? నువ్వున్నావు కదా, ఏదో ఒకటి చెయ్యి," అని నవ్వాడు.

చేశాను.

ఆనాటి నుంచి ఖాళీ కడుపుతో గ్లాసు ముట్టనిచ్చేదాన్ని కాదు. పొద్దు గుంకకముందే ముద్దపప్పు, నెయ్యి, చేప వేపుడు పెట్టి కంచం నిండా అన్నం తినిపించేదాన్ని. తర్వాత ఒక గ్లాసు మందుకి ఒక గ్లాసు మంచినీళ్ళు. ఆ నీళ్ళు ఖాళీ అయ్యేదాకా సీసా నా పక్కనే ఉండేది. ఇది మా తమ్ముడికీ తప్పేది కాదు.

"బావా, మన పోర్ట్ బ్లెయిర్ జైలు చూడ్డానికి జనం ఓడెక్కి వస్తన్నారు. నాకేమో మా అక్క ఇక్కడ ఊరికే చూపిస్తంది," అనేవాడు వాడు.

"నీళ్ళు తాగరా ముందు."

"తాగుతన్నానే జైలరమ్మా!"

పడుకునే ముందు నిమ్మకాయ పిండి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు. పొద్దున్న లేవగానే మా పెరటి చెట్టు బొండాం. ఆపైన తరవాణి. అన్నం, గంజి కుండలో వేసి పులియబెట్టిన పుల్లనీళ్ళు అవి. మా అమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకి వచ్చేటప్పుడు సామానుతోపాటు తెచ్చుకున్న అలవాటు. ఉప్పేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని రెండు చెంబులు తాగితే ఆయన కళ్ళలో ఎరుపు పోయేది. తెల్లచొక్కా తొడుక్కుని నడిచొస్తుంటే ముందురోజు సాయంత్రం వరండాలో కూర్చున్న మనిషి ఈయనేనా అని నాకే అనుమానం వచ్చేది. పళ్ళెం మా వరసకి వచ్చినప్పుడు నేను దేవుణ్ణి తలుచుకునేదాన్ని కాదు, ఆయన చేతులు చూసేదాన్ని. ఒక్క గ్లాసు కదిలేది కాదు. ప్రభువు బల్ల దగ్గర నేను చూసింది ఆ చేతులనేనని ఇప్పుడు ఒప్పుకోవాలి.

అలా ఏళ్ళు గడిచాయి. ఆయనకి ఆకలి తగ్గింది. డొక్కలో కుడివైపు బరువుగా ఉంటోందనేవాడు. మా తమ్ముడు పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాడు. నేను ఇంట్లోనే ఉండిపోయాను. ఇద్దరు మగాళ్ళు వెళ్తుంటే నేనెందుకు అనుకున్నాను. సాయంత్రం బస్సుకి వచ్చారు.

"ఏటన్నారు?" అన్నాను.

మా ఆయన వంగి చెప్పులు విప్పుకుంటున్నాడు. తమ్ముడే చెప్పాడు.

"గ్యాసంటక్కా. ఖాళీ కడుపుతో మందు తాగొద్దన్నాడు. నీళ్ళు బాగా తాగమన్నాడు. నీ తరవాణి గురించి చెప్తే డాక్టరు బహుత్ బఢియా, చాలా మంచిదన్నాడు. దీదీకి నమస్తే చెప్పమన్నాడు."

నేను పొంగిపోయాను. చదువుకున్న డాక్టరు నాకు నమస్తే చెప్పి పంపాడని ఆ వారమంతా ఒళ్ళు తేలికగా తిరిగాను. తరవాణికి పెద్ద కుండ పెట్టాను. శనివారానికి బుధవారం కూడా తోడైంది. నేను గొణిగితే, "తలనొప్పి లేదు, వాంతి లేదు. ఇంకేటి భయమే నీకు?" అనేవాడు. నిజమే కదా అనుకున్నాను. పొద్దున్న బాగా లేస్తున్న మనిషికి లోపల చెడుతోందని నాకెలా తెలుస్తుంది?

రెండేళ్ళకి కళ్ళు పసుపు పచ్చబడ్డాయి. కాళ్ళు సన్నబడి పొట్ట ఉబ్బింది. ఆసుపత్రిలో చేర్చాం. ఒక డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చి ఆసుపత్రిలో ఉన్న పాత కాగితం తిరగేసి నన్నే అడిగింది.

"దో సాల్ పహలే బోలా థా నా, ఏక్ బూంద్ భీ నహీ? ఆప్ క్యా కర్ రహీ థీ?"

రెండేళ్ళ కిందటే చుక్క కూడా ముట్టొద్దని చెప్పాం కదా, నువ్వేం చేస్తున్నావు అంటోంది. నేనేం చేస్తున్నాను? పప్పన్నం పెడుతున్నాను. నీళ్ళు తాగిస్తున్నాను. తమ్ముడి వైపు తిరిగాను. వాడు సెలైను సీసాలో చుక్కలు పడుతుంటే అవి చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ వెళ్ళాక మా ఆయన్ని అడిగాను. తప్పు చేశాననైనా అంటాడనుకున్నాను.

"నీకు తెలిస్తే సీసా గుమ్మం దాటనిచ్చేదానివా?" అన్నాడు. అంతే. పదకొండు రోజుల తర్వాత పోయాడు.

సమాధి చేసిన మూడో రోజున తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచాను.

"డాక్టరు నమస్తే చెప్పాడన్నావు కదరా."

"బావే చెప్పొద్దన్నాడక్కా. నువ్వు బెంగెట్టుకుంటావని."

"మరి నువ్వు ప్రతి వారం ఎందుకొచ్చావు?"

"ఆయనొక్కడే తాగితే బాగోదని," అన్నాడు.

నాతో ఒకే కడుపున పుట్టినవాడు. నా చేత్తో వడ్డించిన చేప ముక్కలు ముళ్ళు తీసుకుని తింటూ, పక్కవాడు చచ్చిపోతున్నాడని తెలిసి కూర్చున్నవాడు. చనిపోయినాయన మీద కోపం సమాధి దగ్గర ఏడిస్తే కొంత తీరింది. వీడి మీద తీరలేదు.

పోయిన నెల మా మరదలు వచ్చింది, తమ్ముడి పెళ్ళాం. వాళ్ళూ మా చర్చికే వస్తారు, మా ఆయన స్థానంలో ఇప్పుడు తమ్ముడే సంఘపెద్ద.

"వదినా, ఆ తరవాణి ఎలా పెట్టేదానివో చెప్పు. ఆదివారం పొద్దున్న ఈయనకి తల పగిలిపోతంది. చేతులు వణుకుతన్నాయి. పళ్ళెం ఎత్తాలి కదా."

చెప్పకూడదనుకున్నాను. కానీ అంతా చెప్పాను, అన్నం సంగతి, నీళ్ళ సంగతి, బొండాం సంగతి.

"ఇదంతా చేస్తే తలనొప్పి రాదు. అంతే. లోపల కార్జానికి, లివరంటారే దానికి, దీనివల్ల ఏ మేలూ లేదు. మా ఆయనకి ఒక్క ఆదివారం కూడా తల నొయ్యలేదు, తెలుసా? వాణ్ణి డాక్టరుకి చూపించు. నువ్వు కూడా గదిలోకెళ్ళు."

"ఆయన రానివ్వడు వదినా."

"అయితే నేనొస్తాను."

మంగళవారం ముగ్గురం వెళ్ళాం. రక్తం తీశారు, పొట్ట స్కానింగు చేశారు. గది తలుపు దగ్గర తమ్ముడు నాకడ్డం నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు బయట కూర్చో."

"కూర్చోను."

"అందరి ముందూ ఏటిది?"

"పక్కకి జరుగు."

డాక్టరు హిందీలో చెప్పాడు. కార్జం పాడవడం మొదలైంది, ఇప్పుడు పూర్తిగా మానేస్తే బాగుపడొచ్చు, మానకపోతే తనేమీ చెయ్యలేనన్నాడు. నేను ఇంకోసారి చెప్పించాను. అక్కడే మరదలి చేత తెలుగులో తిరిగి అనిపించాను. చివరి మాట వదిలేసి లేవబోయింది. అయినా అనేదాకా ఆగాను.

మెట్ల మీద తమ్ముడు అడిగాడు. "నన్ను నమ్మవా అక్కా ఇంక?"

"నమ్మనురా," అన్నాను.

బస్సులో వాడు ముందు సీట్లోకెళ్ళి ఒంటరిగా కూర్చున్నాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం కోసం ఒకసారి వెనక్కి చెయ్యి చాపాడు. మరదలు ఇవ్వలేదు.