అమ్మకం ఆగిన ఆట

సూరత్ ఖటోదరాలో మా పాత ఆఫీసు ఉన్న సందు కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది. దారానికి పట్టించే గంజి, యంత్రాల నూనె కలిసిన వాసన అది. మొన్న ఏదో పని మీద అటు వెళ్లాను. ఆ వాసన తగలగానే కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి, సరోజనక్క గుర్తొచ్చింది. కింద షెడ్డులో మరమగ్గాలు ఆడుతుంటే, పైన ఒక్క గదిలో ఆమె కంప్యూటర్ ఆటలు తయారుచేసేది. నాకు మొదటి యజమాని ఆమే. చేరిన రోజు వినయంగా 'మేడమ్' అని పిలిచాను. "ఏందే శోభా, గా మేడమ్ గీడమ్ బంద్ జెయ్. అక్కా అను. లేకుంటే నీకు పని చెప్పబుద్ధి గాదు" అంది. ఆ తర్వాత మా మధ్య ఆ మాట మళ్లీ రాలేదు.

అక్కవాళ్లు సిరిసిల్ల వైపు నుంచి వచ్చి నవాగామ్‌లో స్థిరపడిన నేతవాళ్లు. ఆమె నాన్న సాంచ నడిపేవాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. అక్క చేసిన మొదటి ఆట పేరు 'పోగు'. అందులో ఆడేవాళ్లే సాంచ నడపాలి. దారం తెగితే ఎక్కడ తెగిందో వెతికి అతకాలి. పడుగు అయిపోవస్తే కొత్త పడుగు పోగుల్ని పాత పోగుల చివర్లకు ముడెయ్యాలి. దాన్ని చూసి వాళ్ల నాన్న నోరు తెరిచాడు. "నేను పొద్దంత చెమటోడ్చి జేసే పనిని గీళ్లు పైసలిచ్చి ఆడుతరా? జమానా ఖరాబైంది బిడ్డా" అన్నాడు. జమానా సంగతేమో గానీ, సీడీల కాలంలో నవాగామ్ పిల్లలు ఆ ఆట కోసం ఇంటర్నెట్ కేఫ్‌ల ముందు కొట్టుకునేవాళ్లు.

అక్కను దానకర్ణురాలని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఓసారి ఒక దుకాణంలో 'పోగు' దొంగ సీడీలు అమ్ముతున్నారని తెలిసి, నన్ను వెంటేసుకుని వెళ్లి బజారంతా వినపడేలా కడిగేసింది. తిరిగొచ్చే దారిలోనూ ఆమె కోపం తగ్గలేదు. "మా నాయిన కొత్త డిజైన్ నేసిన ప్రతిసారి పక్కోడు కాపీ కొట్టిండే. పని జేసినోనికి కూలి దక్కాలె. గంతే" అంది. ఉచితం అన్న మాట వింటేనే ఆమెకు ఒళ్లు మండేది.

ఫోన్లు వచ్చాక సీడీల పని పడుకుంది. ముంబై కంపెనీ ఒకటి మా ఆటలన్నిటినీ హక్కులతో సహా కొనేసి, అక్కకూ నాకూ సూరత్‌లోనే ఉద్యోగాలిచ్చింది. మంచాన పడ్డ తల్లి, ఇంటి అద్దె అన్నీ ఆ జీతం మీదే కాబట్టి అక్క కాదనలేకపోయింది. కొన్నాళ్లకు కంపెనీ 'పోగు' అమ్మడం ఆపేసింది. కొత్త కంప్యూటర్లలో అది నడవనూ లేదు. మేమూ మెల్లగా మరిచిపోయాం.

అలాంటప్పుడు ముంబై నుంచి కబురొచ్చింది. నవాగామ్‌కే చెందిన సతీశ్ అనే కుర్రవాడు మా ఆటను కొత్త కంప్యూటర్లలో నడిచేలా చేసి, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టాడట. అతనికి లాయరు నోటీసు పంపాలి, ఆట తాను చేసిందేనని, దాన్ని దొంగిలించారని అక్క సంతకం పెట్టాలి. ఆ సంతకం ఆమె కళ్లు మూసుకుని పెడుతుందని నేను అనుకున్నాను. "ముందు పిలువు. ఏం జేసిండో సూద్దాం" అంది.

సతీశ్ లాప్‌టాప్‌ను గుండెలకు అదుముకుని వచ్చాడు. అక్క కుర్చీ చూపించకుండానే అడిగేసింది. "పరాయోళ్ల సొమ్ము పంచుడేంది తమ్మీ?"

"అక్కా, చిన్నగున్నప్పుడు గిదే ఆడిన. మల్ల ఆడుదామంటె యాడ దొర్కలే. మీరు అమ్ముతుంటె కొనకపోతుంటినా?"

అక్క కుర్చీ అతని వైపు జరిపింది. ఆట పెట్టమంది. సాంచ చప్పుడు మొదలైంది. దాని మధ్యలో ఎవరో చిన్నగా దగ్గారు. అక్క చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. ఆ చప్పుడును మేము వాళ్ల నాన్న పనిచేసే షెడ్డులోనే రికార్డు చేశాం. దగ్గింది ఆయనే. దాన్ని తీసేయాలనుకుని, తీరిక లేక వదిలేశాం. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. "ఇంకోపారి పెట్టు తమ్మీ" అంది. మళ్లీ పెట్టాడు. 

ఆ మధ్యాహ్నమే అసలు కాపీ కోసం ముంబైకి ఫోను చేశాం. ఆఫీసు మారినప్పుడు పాత డిస్కులు పాడైపోయాయని, 'పోగు' తమ దగ్గర లేదని చెప్పారు. అక్క బీరువాలోని సీడీ కూడా నడవలేదు. మా ఆట ప్రాణంతో ఉన్నది దొంగ అనిపించుకున్నవాడి దగ్గరే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడు కంప్యూటర్ తెర మీద ముంబై పెద్ద సారుతో మీటింగు. చెడ్డ మనిషి కాదాయన. "రేపు మనమే దీన్ని కొత్తగా చేసి అమ్మాలనుకుంటే? ఇవాళ ఒకటి వదిలితే రేపు అన్నీ అడుగుతారు కదా" అన్నాడు హిందీలో. ఆ భయంలో అబద్ధమేమీ లేదు. అక్క కూడా హిందీలోనే నెమ్మదిగా చెప్పింది. "సార్, మా ఇళ్లలో పడుగు అయిపోయాక మగ్గంలో మిగిలిన పోగుల్ని కోసి పారెయ్యరు. అవి అమ్ముడుపోయే గుడ్డ కాదు. కానీ కొత్త పడుగును వాటికే ముడేస్తాం. అవి లేకపోతే ప్రతి పోగునూ మొదటినుంచి మగ్గంలోని సన్నటి కన్నాల్లోకి ఒక్కొక్కటిగా ఎక్కించుకుంటూ రావాలి. కొత్త ఆట అమ్మండి, నేనే చేసిపెడతాను. పాతదాన్ని మాత్రం కొయ్యకండి. ఈ సంతకం నేను పెట్టను. ఉద్యోగంలోంచి తీసేస్తానంటే మీ ఇష్టం."

 ఇంట్లో ఉన్న ఆమె తల్లే కళ్ల ముందు మెదిలింది. పెద్ద సారు కళ్లజోడు తుడుచుకుని, "దానికి పనిచేసిన మిగతావాళ్లను అడిగావా? ఆట నీ ఒక్కదానిదే కాదుగా" అన్నాడు. అక్క మొహం మారింది. "అడగలేదు సార్. అడిగొస్తాను" అంది.

ఆటకు డోలక్ వాయించిన మల్లేశన్న కోసం కోసాడ్ కాలనీకి వెళ్లాం. ఆయన అంతా విని, "అమ్మేటప్పుడు కూలి ఇచ్చినవ్. ఇప్పుడు అమ్ముతలేవు. నా పేరు ఉంటదా?" అన్నాడు.

"ఉంటదన్నా."

"ఇగ గంతే గద. ఇయ్యి. మా మనవలు నా డోలక్ ఇంటరు."

కంపెనీ చివరికి ఒప్పుకుంది. ఎవరూ తిరిగి అమ్ముకోకూడదు, పనిచేసినవాళ్ల పేర్లు తీసెయ్యకూడదు, అంతే షరతులు. సతీశ్ కాపీలో దారం తెగినప్పుడు వినపడాల్సిన మాట ఒకటి చెడిపోయి ఉంది. అక్క మైకు ముందు నిలబడి దాన్ని కొత్తగా చెప్పింది. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. గుండె జబ్బు తీసుకుపోయింది.

ఇప్పుడు నాకూ ఒక చిన్న జట్టు ఉంది. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే బొమ్మలు వేసేవాళ్లను, సంగీతం చేసేవాళ్లను కూర్చోబెట్టి అడుగుతాను. అమ్మకం ఆగిన రోజున దీన్ని ఉచితంగా వదిలేద్దామా అని. కొందరు వాదిస్తారు, వాళ్ల బాధ నాకు తెలుసు. అమ్ముతున్నంత కాలం పైసా వదలొద్దనే నేనూ అంటాను. అమ్మకుండా, ఆడనివ్వకుండా దాచుకోవడం మాత్రం గడ్డివాము దగ్గర కుక్క సామెతే.

పోయిన వారం నవాగామ్ బస్సులో నా పక్క సీట్లో ఒక నర్సు కూర్చుంది. డ్యూటీ దిగి వస్తున్నట్టుంది, కళ్లు వాలిపోతున్నాయి. ఫోనులో 'పోగు' ఆడుతోంది. ఫోన్లలోనూ నడిచేలా దాన్ని అతికింది సతీశే. ఆమె ఆటలో దారం తెగింది. సరోజనక్క గొంతు పలికింది.

"తెగితె ఏమాయె బిడ్డా, అతుకు."

ఆమె అతికింది. నేను దిగాల్సిన చోటు దాటిపోయినా లేవలేదు.